మార్పిడి చెందిన స్టెన్‌గన్, ఆయుధచట్టంలో దాని తరగతి: సేకర్తల సమస్య, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో తయారైన సబ్‌మెషిన్‌గన్‌లను యుద్ధానంతరం పలు దేశాలలో పలు విధాలుగా మార్చారు. కొన్నింటిని ఒక్కొక్క తూటాను మాత్రమే పేల్చేలా సవరించారు, కొన్నింటిని పూర్తిగా నిర్వీర్యం చేశారు. ఇలా మార్చిన ఆయుధం చట్టం దృష్టిలో పాతదేనా, కొత్తదా అన్నది సేకర్తలకూ ప్రదర్శనశాలలకూ వారసులకూ ఎదురయ్యే ప్రశ్న. స్టెన్‌గన్‌ను ప్రధానోదాహరణగా తీసుకొని, భారత ఆయుధచట్టం (1959), ఆయుధ నియమావళి (2016) దీనికి ఇచ్చే సమాధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. బ్రిటన్, ఐరోపా, అమెరికా చట్టాలను అవసరమైన మేరకు పోల్చి చూపుతుంది. తెలుగులో వాడుకలో ఉన్న 'నిషేధిత ఆయుధం' మొదలైన మాటలు చట్టం చెప్పే అర్థాన్ని ఎంతవరకు అందిస్తున్నాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆయుధచట్టం, నిషిద్ధాయుధం, స్టెన్‌గన్, మార్పిడి, క్యూరియో, వారసత్వం, న్యాయపరిభాష.

1. ఉపోద్ఘాతం

తెలుగులో తుపాకులకు సంబంధించిన పదజాలం చాలావరకు ఎరువు సొమ్ము. 'తుపాకి' తుర్కీ మూలం నుంచి వచ్చింది. 'ఫిరంగి' పాశ్చాత్యులను సూచించే మాట, ఆయుధానికి పేరుగా స్థిరపడింది. మందు కూరి పేల్చే తుపాకిని మన్యంలోనూ తెలంగాణలోనూ 'భర్మారు' అంటారు. దొంగచాటుగా స్థానికంగా చేసినది 'నాటు తుపాకి'. యంత్రతుపాకికి పత్రికలు 'మరతుపాకి' అనే మాటను కల్పించాయి. ఈ వరుసలో 'స్టెన్‌గన్' ఏ అనువాదానికీ లొంగకుండా ఉన్నది ఉన్నట్టుగానే తెలుగులోకి వచ్చింది. 1984 అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీ హత్య జరిగినప్పుడు ఆ మాట వార్తల ద్వారా ప్రతి ఇంటికీ చేరింది. అప్పటినుంచి పోలీసుల చేతిలోని ఏ పొట్టి తుపాకినైనా స్టెన్‌గన్ అనడం తెలుగు వాడుకలో సాధారణమైంది.

వాడుకలోని ఈ విశాలార్థం కథలకూ వార్తలకూ సరిపోతుంది. చట్టం ముందుకు వచ్చేసరికి సరిపోదు. గౌతమీ తీరాన ఉన్న ఆలమూరు వంటి గ్రామంలో ఒక పాత మండువా ఇంటిని కూల్చేటప్పుడు అటకమీది పెట్టెలో తుప్పుపట్టిన ఇనుప గొట్టపు తుపాకి ఒకటి బయటపడిందని అనుకుందాం. యుద్ధంలో పనిచేసి వచ్చిన పూర్వికుడు తెచ్చుకొన్నదై ఉండవచ్చు, మరే మార్గంలోనైనా చేరి ఉండవచ్చు. దాని ట్రిగ్గర్ కదలదు, గొట్టంలో సీసం పోసి ఉంది. ఇంటివారికి అది తాతగారి జ్ఞాపకం, స్థానిక చరిత్రకారునికి ఒక ఆధారం, సేకర్తకు విలువైన వస్తువు. చట్టానికి అది ఏమిటి? సమాధానాన్ని బట్టి ఆ ఇంటి యజమాని ఒక జ్ఞాపకచిహ్నానికి హక్కుదారు కావచ్చు, లేదా కనీసం ఏడేళ్ల జైలుశిక్షకు అర్హమైన నేరంలో ముద్దాయి కావచ్చు. ఈ రెండింటి మధ్య అంతరం ఇంత ఎక్కువగా ఉన్న వస్తువులు మన ఇళ్లలో అరుదు.

2. స్టెన్ నిర్మాణం

1940లో డంకర్క్ నుంచి వెనుదిరిగిన బ్రిటిష్ సైన్యం ఆయుధసామగ్రిని పెద్దయెత్తున ఫ్రాన్సులోనే వదిలివచ్చింది. అమెరికా నుంచి కొంటున్న థాంప్సన్ తుపాకి ఖరీదైనది. చవకగా, వేగంగా, సాధారణ లోహపు పనివారితో కూడా తయారు చేయించగల ఆయుధం అవసరమైంది. 1941లో ఎన్‌ఫీల్డ్ ఆయుధకర్మాగారంలో రెజినాల్డ్ షెపర్డ్, హెరాల్డ్ టర్పిన్ దానిని రూపొందించారు. వారి ఇంటిపేర్ల తొలి అక్షరాలకు ఎన్‌ఫీల్డ్ తొలి అక్షరాలు చేర్చగా 'స్టెన్' అయింది. 9 మిల్లీమీటర్ల తూటా, ఎడమప్రక్కకు అమరే 32 తూటాల మ్యాగజైన్, నిమిషానికి 500కు పైగా తూటాల వేగం దీని లక్షణాలు. యుద్ధకాలంలో సుమారు 40 లక్షల స్టెన్‌లు తయారయ్యాయి.

నిర్మాణంలో ఒక అంశం ఇక్కడ ముఖ్యం. సాధారణ రైఫిల్‌లో తూటా గొట్టంలో సిద్ధంగా ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే సూది మాత్రమే కదులుతుంది. స్టెన్‌లో అలా కాదు. బరువైన బోల్టు స్ప్రింగు బలానికి ఎదురుగా వెనుక ఆగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది ముందుకు దూసుకుపోయి, దారిలో తూటాను తోసుకుపోయి, గొట్టం మొదట చేర్చి పేలుస్తుంది. పేలుడు వేగానికి మళ్లీ వెనక్కి వస్తుంది. ఆపేది ఏదీ లేకపోతే మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా ఈ రాకపోకలు సాగుతాయి. అంటే ఈ రకం యంత్రానికి ఎడతెగక పేలడమే స్వభావం, ఒక్కొక్కటిగా పేల్చాలంటేనే అదనంగా ఒక అడ్డు కావాలి. ఆ అడ్డును కూడా తయారీదారులే అమర్చారు. ట్రిగ్గర్ పైభాగంలో అడ్డంగా కదిలే మీటను ఒకవైపు నెడితే ఒక్కొక్క తూటా, మరొకవైపు నెడితే ధార. కాబట్టి 'ఒక్కొక్కటి మాత్రమే పేల్చేలా మార్చిన స్టెన్' అనే మాట వినడానికి పెద్ద మార్పును సూచించినా, యాంత్రికంగా చూస్తే ఉన్న రెండు గుణాలలో ఒకదానిని తొలగించడమే. ఆయుధచట్టాలు ఇలాంటి మార్పిడిని అనుమానంతో చూడడానికి ఇదే ప్రధానకారణం.

3. మార్పిడిలోని రకాలు

యుద్ధంలోనే మార్పిడులు మొదలయ్యాయి. జర్మన్లు తమకు చిక్కిన సోవియట్ పీపీఎస్‌హెచ్-41 తుపాకులలో కొన్నింటిని తమ 9 మిల్లీమీటర్ల తూటాకు అనువుగా మార్చుకొన్నారు. చైనాలో .45 థాంప్సన్‌లను 7.62 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు మార్చారు. వియత్నాం సైనికులు పీపీఎస్‌హెచ్ నమూనాను మార్చి కె-50ఎమ్ అనే కొత్త రూపం ఇచ్చారు. ఇవి యుద్ధావసరం కోసం జరిగినవి. వీటివల్ల ఆయుధపు తరగతి మారలేదు, తూటా లేదా రూపం మాత్రమే మారింది.

సేకర్తల కోసం జరిగే మార్పిడి వేరు. దాని ఉద్దేశం ఆయుధాన్ని చట్టం అనుమతించే తరగతిలోకి దింపడం. ధారగా పేలకుండా సవరించడం ఒక పద్ధతి. గొట్టంలోని మెలికగాడులు తీసి నున్నగా చేయడం, శబ్దం మాత్రమే వచ్చే ఖాళీ తూటాకు పరిమితం చేయడం, ముఖ్యభాగాలను కోసి అతికి పూర్తిగా నిర్వీర్యం చేయడం ఇతర పద్ధతులు. బయటి రూపం అన్నింటిలో ఒకటే. గోడకు వేలాడదీసిన నాలుగు స్టెన్‌లను చూసి ఏది ఏ స్థితిలో ఉన్నదో నిపుణుడైనా విప్పి చూడకుండా చెప్పలేడు. చట్టం మాత్రం వీటికి వేర్వేరు పేర్లు పెట్టవలసివస్తుంది.

4. భారత ఆయుధచట్టం: నిర్వచనంలో రెండు మాటలు

1878 ఆయుధచట్టం 'ఆయుధాలు' అనే మాట కింద తుపాకులు, బాయొనెట్లు, కత్తులు, బాకులు, ఈటెలు, విల్లంబులు, ఫిరంగులు, ఆయుధభాగాలు మొదలైనవాటిని చేర్చింది. తనంతట తాను ధారగా పేలే తుపాకికి ఆ నిర్వచనంలో ప్రత్యేకస్థానం లేదు. మాగ్జిమ్ యంత్రతుపాకి వెలుగు చూసిందే 1880లలో. స్వతంత్ర భారత పార్లమెంటు చేసిన 1959 చట్టం 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. అందులోని సెక్షను 2(1)(ఐ) 'నిషిద్ధాయుధం' అంటే ఏమిటో చెప్పింది. దాని సారం ఇది: ట్రిగ్గర్‌పై ఒత్తిడి ఉన్నంతసేపూ, లేదా మ్యాగజైన్ ఖాళీ అయ్యేవరకూ తూటాలు వెలువడుతూనే ఉండేలా రూపొందించిన లేదా మలచిన తుపాకి నిషిద్ధాయుధం. హానికర వాయువులను, ద్రవాలను వెదజల్లే ఆయుధాలు, ఫిరంగులు, విమానవిధ్వంసక, ట్యాంకు విధ్వంసక ఆయుధాలు, కేంద్రం ప్రకటన ద్వారా చేర్చేవి కూడా ఈ కోవలోనివే.

'రూపొందించిన లేదా మలచిన' అన్న రెండు మాటల మధ్యనే మార్పిడి ఆయుధం చిక్కుకొంటుంది. మొదటిమాట పుట్టుకను చూస్తుంది, రెండవది తరువాతి చరిత్రను చూస్తుంది. కేవలం ఒక్కొక్కటి పేలే తుపాకిని ధారగా పేలేలా మలిస్తే అది నిషిద్ధాయుధమవుతుందనడంలో సందేహం లేదు. దీనికి విలోమస్థితిలోనే సమస్య. ధారగా పేలేలా రూపొందించిన తుపాకిని ఒక్కొక్కటి పేలేలా మలిస్తే? 'లేదా' అనే వికల్పాన్ని అక్షరాలా తీసుకొంటే రూపకల్పన ఒక్కటే చాలు, తరువాతి మార్పుతో నిమిత్తం లేదు. నేటి సామర్థ్యమే కొలబద్ద అనుకొంటే అది నిషిద్ధనిర్వచనం నుంచి బయటపడుతుంది. మొదటి అన్వయమే పాఠానికి దగ్గరగా ఉంది. చట్టం 'పేలుతున్న' అని వర్తమానంలో చెప్పలేదు, 'పేలేలా రూపొందించిన' అని క్రియాజన్యవిశేషణంతో చెప్పింది. రూపొందించడం జరిగిపోయిన పని, దానిని ఆకురాయితో తుడిచివేయలేరు.

అయితే వాదన కోసం రెండవ అన్వయాన్నే అంగీకరించినా సేకర్తకు మేలు జరగదు. 2016 ఆయుధ నియమావళిలోని మొదటి షెడ్యూలు ఆయుధాలను తరగతులుగా విభజిస్తుంది. ఒకటవ తరగతిలోని 'ఎ' విభాగం పైన చెప్పిన నిషిద్ధాయుధాలది. 'బి' విభాగంలో అర్ధస్వయంచాలక తుపాకులు, 20 అంగుళాల కంటే పొట్టి గొట్టం ఉన్న నున్నని గొట్టపు తుపాకులు ఉన్నాయి. 'సి' విభాగంలో సైన్యం, పోలీసులు వాడే తూటాను పేల్చగల తుపాకులు చేరాయి. .303, 7.62 రైఫిళ్లతోపాటు సర్వీసు 9 మిల్లీమీటర్ల తూటా, .45 తూటా పట్టే పిస్తోళ్లు, కార్బైన్‌లు ఇందులోనివే. ఇప్పుడు స్టెన్‌ను ఒక్కొక్క మెట్టు దింపి చూద్దాం. ధారగా పేలితే 'ఎ'. ఒక్కొక్కటిగా పేలేలా మారిస్తే 'బి'. ఆ పైన 9 మిల్లీమీటర్ల తూటా పడుతుంది కనుక 'సి'. మెలికగాడులు తీసి నున్నగా చేస్తే తప్పుతుందా? స్టెన్ రెండవ నమూనా గొట్టం పొడవు 8 అంగుళాలకు లోపే, కాబట్టి తిరిగి 'బి'. ఏ దారిన వెళ్లినా ఒకటవ తరగతి గడప దాటి బయటికి రాదు.

కోనసీమ రైతుకు పరిచయమైన తుపాకితో దీనిని పోల్చితే తేడా స్పష్టమవుతుంది. ఆత్మరక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టపు తుపాకికి, పంటరక్షణకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వడాన్ని చట్టంలోని సెక్షను 13 ప్రత్యేకంగా పేర్కొంటుంది. పల్లెలలో ఆయుధచట్టం గుర్తుకువచ్చేది ఎక్కువగా ఎన్నికలప్పుడే. లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగించాలని కబురు వస్తుంది, ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి తెచ్చుకొంటారు. ఈ వ్యవహారమంతా జిల్లా స్థాయిలో నడుస్తుంది. ఆలమూరువారు పూర్వం ఇందుకోసం కాకినాడ వైపు చూసేవారు, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడ్డాక అమలాపురం వైపు చూస్తున్నారు. నిషిద్ధాయుధం విషయంలో ఈ రెండు ఊళ్లకూ అధికారం లేదు. సెక్షను 7 ప్రకారం కేంద్రప్రభుత్వం ప్రత్యేకంగా అధికారమిస్తే తప్ప దానిని సంపాదించడం, ఉంచుకోవడం, తయారుచేయడం, అమ్మడం కుదరదు.

2019 సవరణ మరొక తలుపు మూసింది. అంతకుముందు సెక్షను 6 గొట్టం పొట్టిచేయడాన్ని, నకిలీ తుపాకిని నిజమైన తుపాకిగా మార్చడాన్ని మాత్రమే లైసెన్సుకు లోబరచింది. సవరణ తరువాత 2016 నియమావళిలోని ఏ తరగతి తుపాకినైనా మరో తరగతికి మార్చడం కూడా దాని పరిధిలోకి వచ్చింది. అంటే ప్రమాదకరమైన దానిని ప్రమాదరహితం చేయడానికైనా సరే, ఇంట్లో సొంతంగా చేస్తే నేరమే. సదుద్దేశంతో గొట్టంలో సీసం పోసినవాడు కూడా చట్టం ముందు సమాధానం చెప్పుకోవాలి.

5. సర్వీసు తూటా భయం: తెలుగునేల సాక్ష్యం

'సి' విభాగంలో .410 మస్కెట్ కూడా ఉండడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. శక్తిలో అది సాధారణ రైఫిల్‌కు చాలా తక్కువ. ఇషాపూర్ కర్మాగారంలో .303 రైఫిళ్లను నున్నని గొట్టపు .410 మస్కెట్‌లుగా మార్చి పోలీసులకూ కావలివారికీ ఇచ్చేవారు. పోలీసు తుపాకి తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా సైనికతూటా అందులో పనిచేయరాదన్నది ఆ మార్పిడి వెనుక ఆలోచన. భారతదేశంలో అధికారికంగా, పెద్దయెత్తున జరిగిన తుపాకి మార్పిడి ఇదే అనవచ్చు.

ఆ భయానికి తెలుగునేల ప్రసిద్ధమైన ఉదాహరణ ఇచ్చింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడిచేసి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను స్వాధీనం చేసుకొంది. రాజవొమ్మంగి, ఆలమూరు రెండూ గోదావరి ప్రాంతంలోనివే. ఒకటి మన్యం, మరొకటి డెల్టా. తుపాకుల కంటే తూటాల సంఖ్యే ఆనాటి అధికారులను ఎక్కువగా కలవరపెట్టిందని ఊహించడం కష్టం కాదు. తుపాకి ఒకసారి దొరికితే చాలు, తూటా ఎప్పటికప్పుడు కావాలి. షెడ్యూలులోని 'సర్వీసు తూటా' సూత్రం వెనుక ఈ లెక్కే ఉంది. స్టెన్‌కు పట్టే 9 మిల్లీమీటర్ల తూటా తరువాతికాలంలో భారత పోలీసు కార్బైన్ తూటా కావడంతో, యుద్ధపు పాతసామాను కూడా ఆ సూత్రం కిందికి వచ్చింది.

తెలంగాణ సందర్భం భిన్నమైనది. నిజాం రాజ్యంలో బ్రిటిష్ ఇండియా చట్టం నేరుగా వర్తించేది కాదు. 1948లో ఆస్ట్రేలియన్ విమానచోదకుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాలలో హైదరాబాదు రాజ్యానికి ఆయుధాలు చేరవేశాడు. అదే ఏడాది సెప్టెంబరు 13న మొదలైన సైనికచర్య 17న నిజాం లొంగుబాటుతో ముగిసింది. కమ్యూనిస్టు దళాలు 1951 అక్టోబరులో సాయుధపోరాటాన్ని విరమించాయి. ఈ మూడేళ్లలో సంస్థాన సైన్యం, రజాకార్లు, దళాలు, భారత సైన్యం, పోలీసులు, ఇన్ని చేతుల మధ్య ఆయుధాలు మారాయి. ఆ కాలపు ఆయుధం ఏదైనా ఒక గ్రామంలో బయటపడితే దాని చరిత్ర చెప్పగలిగినది దానిమీది ముద్రలూ క్రమసంఖ్యలే. వాటిని చదవకముందే దానిని కరగబెడితే ఆ సాక్ష్యం పోతుంది. దొరికినదానిని రహస్యంగా దాచితే సాక్ష్యం మిగులుతుంది కాని చరిత్రకారుని చేతికి రాదు, దాచినవాడు నేరస్థుడవుతాడు. చట్టం తరగతుల చర్చ స్థానికచరిత్ర రచనకు సంబంధించిన విషయం కావడం ఇందువల్లనే.

6. పాతవస్తువు అనే మినహాయింపు

సేకర్తలు సాధారణంగా ఆశ్రయించేది సెక్షను 45(సి). వాడుకలో లేని నమూనా, పురావస్తు విలువ కలది, పాడైపోయినది అయిన ఆయుధానికి చట్టం వర్తించదని అది చెబుతుంది. ఇంతవరకు చదివి సంతోషించేవారు చాలామంది. ఆ వాక్యం అక్కడ ఆగదు. మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరానిదై ఉండాలని షరతు పెడుతుంది. ఈ షరతులో బరువంతా 'మరమ్మతు చేసినా' అన్న మాట మీదనే ఉంది.

స్టెన్ విషయంలో ఇది విచిత్రమైన ఫలితాన్నిస్తుంది. సాధారణ లోహపు పనివాడు కూడా చేయగలిగేలా దానిని రూపొందించారు, అదే దాని ఘనత. అంత సులువుగా తయారయ్యే వస్తువు అంత సులువుగా బాగుపడుతుంది కూడా. నాలుగు వందల ఏళ్లనాటి జటిలమైన చకుముకి తుపాకికి మినహాయింపు దొరికే అవకాశం ఎక్కువ. తుప్పుపట్టిన స్టెన్‌కు తక్కువ. పనితనం లేని వస్తువుకు పాతదనపు గౌరవం దక్కడం కష్టమన్నమాట. చెదలు తిన్న మడమ, ఊడిపోయిన ట్రిగ్గర్, పోసిన సీసం ఇవేవీ 'మరమ్మతు చేసినా పనికిరానిది' అనే పరీక్షకు వాటంతట అవి నిలవవు. ఆ నిర్ణయం ఆయుధనిపుణుని నివేదికపై ఆధారపడుతుంది, యజమాని నమ్మకంపై కాదు.

షెడ్యూలు నాలుగవ తరగతిలో 'క్యూరియోలు, చారిత్రక ఆయుధాలు' ఉన్నాయి. 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంమంత్రిత్వశాఖ క్యూరియో కోవకు చెందిన చిన్నాయుధాలను భారతపౌరులు సంపాదించడానికి, ఉంచుకోవడానికి లైసెన్సు అవసరం లేదని, వాడడానికీ వెంట తీసుకుపోవడానికీ మాత్రం అవసరమని ప్రకటించింది. దీనిని చూసి యుద్ధకాలపు ఆయుధాలన్నీ క్యూరియోలే అనుకోవడం పొరపాటు. నిషిద్ధాయుధమన్న లక్షణం చట్టంలోనిది, క్యూరియో అన్న తరగతి నియమావళిలోనిది. చట్టం నిషేధించినదానిని నియమావళి తరగతిపేరుతో సడలించలేదు. అంతర్జాతీయంగా కూడా 2001 నాటి ఐక్యరాజ్యసమితి తుపాకుల ప్రోటోకాల్ 1899 తరువాత తయారైన తుపాకిని ఏ దేశమూ పురాతనాయుధంగా పరిగణించరాదని హద్దు గీసింది. 1941 నాటి స్టెన్ ఆ హద్దుకు నాలుగు దశాబ్దాలు ఇవతల ఉంది.

7. ఇతర దేశాల దారులు

మన నిర్వచనంలోని వాక్యం బ్రిటిష్ చట్టం నుంచి దాదాపు మాటకు మాటగా వచ్చినది. బ్రిటన్ తరువాత దానిని మార్చుకొంది. 1988 సవరణ చట్టంలోని సెక్షను 7 ఒకప్పుడు నిషిద్ధమైన ఆయుధాన్ని మరో రకంగా మార్చడానికి ఏమి చేసినా నిషిద్ధంగానే పరిగణించాలని స్పష్టంగా చెప్పింది. 'రూపొందించిన లేదా మలచిన' అన్న మాటలే చాలుననుకొంటే ఈ కొత్త సెక్షను రాసే అవసరం ఉండేది కాదు. అయితే అదే చట్టం సెక్షను 8లో సేకర్తకు ఒక దారి విడిచిపెట్టింది. పరీక్షాసంస్థ ముద్ర, ధ్రువపత్రం ఉంటే పూర్తిగా నిర్వీర్యమైన తుపాకిని తుపాకిగా పరిగణించనక్కరలేదు. అంటే సగం మార్పుకు విలువ లేదు, పూర్తి నాశనానికి ఉంది.

ఐరోపా సమాఖ్య కూడా ఇటువైపే నడిచింది. 2015లో పారిస్ దాడులలో తిరిగి ప్రాణం పోసిన ఆయుధాలు వాడారని తేలడంతో, 2016 ఏప్రిల్ నుంచి నిర్వీర్యం చేయడానికి ఉమ్మడి ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. 2017 నిర్దేశం అర్ధస్వయంచాలకంగా మార్చిన స్వయంచాలక తుపాకులను నిషిద్ధవర్గంలో 'ఎ6' అనే ప్రత్యేకసంఖ్య కింద చేర్చింది. మార్చిన యుద్ధకాలపు సబ్‌మెషిన్‌గన్‌లను అంతవరకు చట్టబద్ధంగా కొనుక్కొన్న సేకర్తలు ఒక్కసారిగా నిషిద్ధాయుధధారులయ్యారు. ప్రదర్శనశాలలకూ గుర్తింపు పొందిన సేకర్తలకూ మినహాయింపులిచ్చే వెసులుబాటును మాత్రం సభ్యదేశాలకు వదిలారు.

అమెరికా పద్ధతి వేరు. 1934 చట్టం యంత్రతుపాకిని నిషేధించక నమోదుకూ 200 డాలర్ల పన్నుకూ లోబరచింది. యుద్ధం నుంచి సైనికులు తెచ్చుకొన్న నమోదుకాని ఆయుధాల కోసం 1968 నవంబరులో 30 రోజుల క్షమాగడువు ఇచ్చారు. 1986 మే 19 తరువాత పౌరుల కోసం కొత్త యంత్రతుపాకుల నమోదు ఆగిపోయింది. అప్పటికి నమోదైనవి మాత్రమే చేతులు మారుతున్నాయి, ధరలు ఆకాశాన్నంటాయి. మూడు పద్ధతులలో మనకు పనికివచ్చేది ఆ 30 రోజుల గడువు వెనుక ఆలోచన. తెలియక దాచినవాడు బయటికి రావడానికి ఒక దారి కల్పిస్తే ఆయుధమూ లెక్కకు వస్తుంది, చరిత్రా దక్కుతుంది.

8. స్వాధీనం, ఎరుక, శిక్ష

మళ్లీ ఆలమూరు అటకకు వద్దాం. పెట్టెలో ఏమున్నదో తెలియని వారసుడు నేరస్థుడా? గున్వంత్‌లాల్ కేసులో (1972) సుప్రీంకోర్టు ఆయుధచట్టం కింద స్వాధీనానికి ఎరుక, అంటే ఆ వస్తువు తన వద్ద ఉన్నదన్న తెలివిడి, అవసరమని చెప్పింది. కాబట్టి పెట్టె తెరవనంతకాలం రక్షణ ఉంది. తెరచి చూసిన క్షణం నుంచి కాలం లెక్కకు వస్తుంది. అప్పటినుంచి ప్రతిరోజూ ఎరుకతో కూడిన స్వాధీనమే.

ఏదో కారణంగా స్వాధీనం చట్టబద్ధత కోల్పోయినప్పుడు ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా సమీప ఠాణాలో అప్పగించాలని సెక్షను 21 చెబుతుంది. అయితే ఆ పాఠం 'ఇకపై చట్టబద్ధం కాని' ఆయుధాన్ని ఊహిస్తుంది, అంటే ఒకనాడు చట్టబద్ధమైనదానిని. ఎన్నడూ లైసెన్సు లేని స్టెన్ అందులో ఇమడడం కష్టమే. అయినా ఆచరణలో వెంటనే ఠాణాకు లిఖితపూర్వకంగా తెలియజేయడం తప్ప వారసునికి వేరే మార్గం లేదు. ఆయుధాన్ని స్వయంగా మోసుకుపోకుండా, ఉన్నచోటనే ఉంచి కబురుచేయడం మంచిది. చేతపట్టుకొని తీసుకుపోవడాన్ని చట్టం స్వాధీనానికి అదనంగా మరో క్రియగా లెక్కిస్తుంది. నిర్వీర్యమయిందని నమ్మినా విప్పడం, రుద్దడం, మ్యాగజైన్ తీయడం వంటివి చేయరాదు. పాత తూటా లోపల ఉండవచ్చు. పోలీసులకు ఇచ్చే లేఖలో ముద్రలు, సంఖ్యలు కనిపించినంతవరకు రాసి, పురావస్తుశాఖకు ప్రతిని పంపితే వస్తువు పోయినా దాని వివరం మిగులుతుంది.

ఆలస్యానికి మూల్యం పెద్దది. సాధారణ తుపాకి లైసెన్సు లేకుండా ఉంటే ఆ ప్రాసిక్యూషనుకు సెక్షను 39 ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. ఆ రక్షణ సెక్షను 3 నేరాలకే పరిమితం, నిషిద్ధాయుధానికి సంబంధించిన సెక్షను 7కు లేదు. సెక్షను 25(1ఎ) కింద శిక్ష 2019కి ముందు 5 నుంచి 10 ఏళ్లు, సవరణ తరువాత 7 నుంచి 14 ఏళ్లు. నిషిద్ధాయుధంతో మరణం సంభవిస్తే తప్పనిసరిగా ఉరిశిక్ష వేయాలన్న సెక్షను 27(3)ను మాత్రం సుప్రీంకోర్టు దల్బీర్‌సింగ్ కేసులో (2012) రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది.

9. తెలుగు పరిభాషలోని లోపం

ఇంత గంభీరమైన తేడాను మోయవలసిన తెలుగుమాటలు ఎలా ఉన్నాయి? పత్రికలు 'నిషేధిత ఆయుధం' అంటాయి. 'నిషేధిత' అన్న మాటనే సంస్థలకూ పుస్తకాలకూ గుట్కాకూ వాడుతున్నాం. వాటి విషయంలో నిషేధం ఒక ప్రభుత్వచర్య, ఒక తేదీన వస్తుంది, మరో తేదీన పోవచ్చు. ఆయుధం విషయంలో అది వస్తువు నిర్మాణలక్షణం. ఎవరూ ప్రత్యేకంగా నిషేధించనక్కరలేదు, ఆ విధంగా రూపొందడంతోనే అది ఆ కోవలో చేరుతుంది. ఈ దృష్టితో 'నిషిద్ధాయుధం' అనే సమాసం కొంత మెరుగు. అది జాతిపేరులా ధ్వనిస్తుంది, ఉత్తర్వులా కాదు. అయినా కేంద్రం ప్రత్యేకానుమతితో ఉంచుకోవచ్చునన్న అంశం ఇందులోనూ దాగిపోతుంది. అధికారుల వాడుకలోని 'పి.బి.', 'ఎన్.పి.బి.' అన్న పొడి అక్షరాలు గొట్టపు వ్యాసాన్ని బట్టి ఏర్పడినవి కనుక సామాన్యునికి ఏమీ చెప్పవు.

'రూపొందించిన లేదా మలచిన' అన్నచోట అనువాదకుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. రెండవ మాటకు 'మార్చిన' అని రాస్తే మార్పిడి ఏ దిశలో జరిగినా అన్న అర్థం వస్తుంది. 'అనువుగా మలచిన' అంటే ధారగా పేలడానికి అనువుగా అన్న దిశ తెలుస్తుంది. 'అమర్చిన' అంటే అదనపు భాగం చేర్చిన భావన కలుగుతుంది. మొదటి మాటకు 'తయారుచేసిన' అని వాడితే మరో చిక్కు వస్తుంది. తయారీ కర్మాగారంలో జరిగేది, రూపకల్పన అంతకుముందే జరిగిపోయినది. కర్మాగారం నుంచే అర్ధస్వయంచాలకంగా వెలువడిన ప్రతికృతి 'తయారుచేసిన' అన్న మాటతో బయటపడుతుంది, 'రూపొందించిన' అన్న మాటతో దాని మూలనమూనాను కూడా ప్రశ్నించవచ్చు.

క్యూరియోకు 'వింతవస్తువు', 'అపురూపవస్తువు' అనే అర్థాలు నిఘంటువులలో కనిపిస్తాయి. ఆయుధచట్ట సందర్భంలో ఇవి రెండూ తప్పుదారి పట్టిస్తాయి. అటకమీది స్టెన్‌ను చూసినవారెవరైనా దానిని వింతవస్తువే అంటారు, అపురూపమనీ అంటారు. ఆ మాట విన్న వారసుడు ఠాణాకు వెళ్లవలసిన అవసరం లేదని అనుకొంటే తప్పు అతనిది కాదు. అందువల్ల ఈ సందర్భంలో 'క్యూరియో' అనే మాటనే తెలుగులిపిలో ఉంచి, పక్కనే 'నిషిద్ధాయుధం కాని చారిత్రక ఆయుధం' అని వివరణ చేర్చడం మేలు.